వెనక్కి వచ్చే దారి దాచకండి: ఫోన్ కంపెనీలకు, కేంద్ర ఐటీ శాఖకు ఒక రిపేర్ షాపు నుంచి బహిరంగ లేఖ

భారతదేశంలో స్మార్ట్‌ఫోన్లు అమ్ముతున్న కంపెనీల యాజమాన్యాలకు,
ఆండ్రాయిడ్ రూపొందించే బృందానికి, ఆప్‌లు తయారుచేసే డెవలపర్లకు,
కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ అధికారులకు,

విషయం: ఫోన్‌లో బ్యాక్, హోమ్ బటన్లు ఎలా ఉండాలో నిర్ణయించుకునే వీలు వాడేవాళ్లకే ఇవ్వాలని.

నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రంలో సెల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. డిస్‌ప్లే పగిలినవి, ఛార్జింగ్ పిన్ ఊడినవి, నీళ్లలో పడ్డవి మా దగ్గరికి రోజూ వస్తాయి. వాటితోపాటు ఏ లోపమూ లేని ఫోన్లు కూడా వస్తుంటాయి. తెచ్చినవాళ్లు మాత్రం "టచ్ పోయింది", "లోపలికి పోతే బయటికి రావట్లేదు", "కింద బటన్లు ఎగిరిపోయాయి" అంటారు. చేతిలోకి తీసుకుని చూస్తే టచ్ నిక్షేపంగా ఉంటుంది. లేనిదల్లా తెర అడుగున ఉండాల్సిన మూడు బటన్లే: వెనక్కి తెచ్చే బ్యాక్, మొదటి తెరకు తెచ్చే హోమ్, తెరిచి ఉన్న ఆప్‌లు చూపించే చౌకం. వాటి బదులు సన్నటి గీత ఒకటి ఉంటుంది. కొన్ని ఫోన్లలో అదీ ఉండదు.

ఈ సంగతి ఒక కంపెనీకి మెయిల్ రాశాను. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని జవాబు వచ్చింది, ఆ తర్వాత టికెట్ మూసేశారు. వాళ్ల సర్వీస్ సెంటర్‌కి వెళ్లి అడిగితే "అది డిజైన్ అండీ, మేమేం చేస్తాం" అన్నారు. ఒక ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో పెడితే తమ పరిధిలోది కాదని తిప్పి పంపారు. అందుకే అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. స్వైప్ చేసి, అంటే తెర మీద వేలితో లాగి ఫోన్ నడిపే పద్ధతి చెడ్డదని నేను అనడం లేదు. మా షాపులో పనిచేసే కుర్రాడికి బటన్లు ఇస్తే చిరాకు పడతాడు. తెర మొత్తం వాడుకోవచ్చు, బొటనవేలు కిందిదాకా పోనక్కర్లేదు, ఎడమచేతివాటం వాళ్లకు ఆండ్రాయిడ్‌లో ఏ అంచు నుంచి లాగినా వెనక్కి వస్తుంది. ఇవన్నీ నిజమైన సౌకర్యాలే. నా అభ్యంతరం ఒక్కటే. రెండు పద్ధతులూ ఫోన్‌లో ఉన్నప్పుడు ఏది కావాలో కొనుక్కున్నవాళ్లను అడగకుండా మీరే ఒకటి పెట్టి, రెండోదాన్ని సెట్టింగ్స్ అడుగున పడేస్తున్నారు.

ఈ మార్పులు ఎంత వేగంగా వచ్చాయో ఒకసారి చూడండి. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌కి హోమ్, బ్యాక్, మెనూ అన్నీ చేతికి తగిలే నిజం బటన్లు. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో అవి తెర మీదికి ఎక్కాయి. 2017లో ఐఫోన్ టెన్ హోమ్ బటన్ తీసేసింది. మరుసటి ఏడు ఆండ్రాయిడ్ 9లో మాత్ర ఆకారంలో ఒక బటన్, పక్కన చిన్న బాణం వచ్చాయి. ఏడాది తిరిగేసరికి దాన్ని పక్కనపెట్టి, 2019లో ఆండ్రాయిడ్ 10లో పూర్తిగా స్వైప్‌లకు మారారు. మూడు బటన్ల పద్ధతిని మాత్రం ఉంచారు, అందుకు సంతోషం. అయితే ఈ మధ్యలో కంపెనీకో తీరు. గూగుల్ వాళ్ల పిక్సెల్ ఫోన్‌లో బ్యాక్ ఎడమవైపు ఉంటే శామ్‌సంగ్‌లో కుడివైపు. ఒక కంపెనీ ఫోన్ నుంచి ఇంకో కంపెనీకి మారినవాళ్లు వెనక్కి రావాలని నొక్కితే తెరిచి ఉన్న ఆప్‌ల వరుస ప్రత్యక్షమవుతుంది. రెండు బటన్లనూ అటూఇటూ మార్చుకునే వీలు చాలా ఫోన్లలో ఉంది. ఆ సంగతి ఎవరికి తెలుసు?

ఇంట్లో స్విచ్‌బోర్డు తీసి రాత్రికి రాత్రి ఇంకో గోడకు బిగించి, పొద్దున్నే "ఇదే ఆధునికం" అన్నట్టుంది ఈ వ్యవహారం.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో నేను చూసినంతవరకు వరసగా రాస్తున్నాను.

1. చేతులు. మా దగ్గర మిరప, పత్తి పంటలు. కోతలకు పోయేవాళ్ల వేళ్లు పగుళ్లు తేలి, చర్మం ఎండిపోయి ఉంటుంది. వాళ్లు ఒకచోట గట్టిగా నొక్కితే ఫోన్ అందుకుంటుంది. అంచు నుంచి లోపలికి ఒకే ఊపులో లాగమంటే మధ్యలో తెగిపోతుంది. దీనికితోడు ఫోన్ కిందపడితే పగలకుండా అందరూ మందమైన పౌచ్ వేయించుకుంటారు. నేనే వేస్తాను. ఆ పౌచ్ పెదవి తెరకన్నా కాస్త పైకి లేచి ఉంటుంది. మీ స్వైప్ మొదలవ్వాల్సింది సరిగ్గా ఆ పెదవి కింద నుంచే. టెంపర్ గ్లాస్ అంచు కొద్దిగా లేచినా అంతే. ఎక్కడ నొక్కాలన్నా కనీసం 48 డీపీ (తెర మీద చోటుకు డెవలపర్లు వాడే కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్ల చోటు ఉండాలని డెవలపర్లకు గూగుల్ మార్గదర్శకాలే చెబుతాయి. ఆ లెక్క ఆప్‌లో ఉన్న బటన్‌కి పనికొచ్చినప్పుడు, ఫోన్ మొత్తాన్ని నడిపే వెనక్కి దారికి ఎందుకు పనికిరాదు?

2. ఆ ఒక్క క్షణం. కింది నుంచి పైకి తోస్తే హోమ్. పైకి తోసి కాస్త ఆగితే తెరిచి ఉన్న ఆప్‌లన్నీ. ఈ రెంటికీ తేడా వేలు ఎంతసేపు ఆగిందన్నదే. అరవై దాటినవాళ్ల వేలు సహజంగానే నిదానంగా కదులుతుంది. హోమ్ కోసం తోస్తే ఆప్‌ల వరుస వస్తుంది. కంగారుపడి మళ్లీ పైకి తోస్తారు. ఈసారి ఆ ఆప్ మూసుకుపోతుంది. అప్పటిదాకా నింపిన ఫారం కూడా దాంతోనే పోతుంది.

ఓటీపీ దగ్గర ఇది రోజూ జరిగేదే. ఫారం సగం నింపాక ఓటీపీ వస్తుంది. మెసేజ్‌లోకి వెళ్లి చూసి తిరిగి రావాలి. బటన్లున్న ఫోన్‌లో చౌకం నొక్కి పాత పేజీ మీద వేలు పెడితే సరిపోతుంది. స్వైప్ ఫోన్‌లో ఆ పేజీ చేజారిపోతుంది, ఓటీపీ గడువు కూడా దాటిపోతుంది. పింఛనుదారులు ఇంట్లోనే ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే ఏర్పాటు 2021 నవంబర్‌లో వచ్చింది. చాలా మంచి ఏర్పాటు. దానికి ఫోన్‌లో రెండు ఆప్‌లు ఉండాలి, ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్లి రావాలి. నవంబర్ వచ్చిందంటే రిటైరైన మాస్టార్లు మా షాపు బల్ల మీద కూర్చుని ఉంటారు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పినవాళ్లు వాళ్లు. ఫోన్ ముందు కూర్చుని "నాకు బుర్ర పనిచేయట్లేదోయ్" అంటుంటే నాకే సిగ్గేస్తుంది. పనిచేయనిది వాళ్ల బుర్ర కాదని ఎంత చెప్పినా నమ్మరు.

3. డబ్బు. యూపీఐలోనో, కరెంటు బిల్లు పేజీలోనో చెల్లింపు జరుగుతుండగా "దయచేసి బ్యాక్ నొక్కవద్దు" అని తెర మీద పడుతుంది. బటన్ ఉన్న ఫోన్‌లో ఆ మాటకు అర్థముంది, నొక్కకుండా ఊరుకుంటాం. స్వైప్ ఫోన్‌లో రెండు అంచులూ బ్యాక్ బటన్లే. ఫోన్ పట్టుకున్న అరచేయి కండ జారితే చాలు, పేజీ వెనక్కి పోతుంది. డబ్బు కట్ అయిందో లేదో తెలియదు, మళ్లీ కడితే రెండుసార్లు పోతుందేమోనని టెన్షన్. విత్తనాల షాపు ముందు నిలబడి, వెనక లైను పెరుగుతుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీ డిజైన్ టీమ్‌లో ఒక్కరు మా సంతకు వచ్చి చూసినా తెలుస్తుంది. అంచు సున్నితత్వాన్ని తగ్గించుకునే స్లైడర్ ఆండ్రాయిడ్‌లో ఉంది. అది స్వైప్ సెట్టింగ్ పక్కన ఉండే చిన్న పళ్లచక్రం గుర్తు లోపల ఉంటుంది.

4. మోసాలు. ఇది అన్నింటికన్నా ముఖ్యమైనది కాబట్టి వివరంగా చెబుతాను.

బటన్లు కనపడక విసిగిపోయినవాళ్లు ప్లే స్టోర్‌లో వెతుకుతారు. తెర మీద తేలుతూ ఉండే బ్యాక్ బటన్ ఇచ్చే ఆప్‌లు బోలెడు దొరుకుతాయి. వాటిలో ఏదైనా పనిచేయాలంటే యాక్సెసిబిలిటీ పర్మిషన్ (దివ్యాంగులకు సాయపడే ఆప్‌ల కోసం పెట్టిన అనుమతి) కావాలి, ఎందుకంటే ఇంకో ఆప్‌ను వెనక్కి పంపే అధికారం ఆ పర్మిషన్‌తోనే వస్తుంది. కానీ అదే పర్మిషన్‌తో తెర మీద ఏముందో చదవొచ్చు, మన బదులు నొక్కొచ్చు. వాట్సాప్‌లో చలానా అని, పథకం డబ్బులని ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఆప్ ఎక్కించే ఫైళ్లు) పంపి ఖాతాలు ఖాళీ చేసే ముఠాలు అడిగేదీ చాలావరకు ఈ పర్మిషన్‌నే. ఒక బ్యాక్ బటన్ కోసం మొదటిసారి "అలౌ" నొక్కడం అలవాటైన మనిషి రెండోసారి ఎందుకు ఆగుతాడు? పైగా ఇలాంటి ఆప్ ఫోన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు ఆప్‌లు అసలు తెరుచుకోవు. అప్పుడు "బ్యాంకు ఆప్ పోయింది" అంటూ మళ్లీ మా దగ్గరికి.

ఇంకొకటి. "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అంటూ తెర నిండా పరుచుకునే ప్రకటన వచ్చినప్పుడు బయటపడే దారి కనపడకపోతే మనిషి భయంతో అందులో ఉన్న నంబర్‌కే ఫోన్ చేస్తాడు, లేదా బస్టాండులో పక్కనున్నవాడి చేతికి ఫోన్ ఇచ్చి "కాస్త చూడు బాబూ" అంటాడు. తెర నిండా వీడియో, గేమ్ నడుస్తున్నప్పుడు మొదటి స్వైప్‌కి బార్ మాత్రమే బయటికి వచ్చి రెండోదానికిగానీ పని జరగని సందర్భాలూ ఉన్నాయి. డబ్బు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని పోలీసులు ఊరూరా చెబుతున్నారు. ఆ నంబర్ దాకా రాకముందు ఆగగలిగే చోటు ఒకటుందని నేనంటున్నాను.

5. చూపు లేనివాళ్లు, చేయి వణికేవాళ్లు. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఫోన్ వాడేవాళ్లకు స్వైప్ పద్ధతిలో వెనక్కి రావాలంటే రెండు వేళ్లు కలిపి అంచు నుంచి లాగాలి. ఒక చేత్తో కర్ర పట్టుకున్న మనిషి రెండో చేత్తో ఫోన్ పట్టుకుని, అదే చేతి రెండు వేళ్లతో ఎలా లాగాలి? కిందికి తోసి అదే ఊపులో ఎడమకు తిప్పే ఇంకో సైగ ఉందనుకోండి, దాన్ని నేర్పేవాళ్లెవరు? పక్షవాతం వచ్చి తేరుకుంటున్నవాళ్లకు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు లాగడం కన్నా నొక్కడం తేలిక. శామ్‌సంగ్‌లో అసిస్టెంట్ మెనూ, ఐఫోన్‌లో అసిస్టివ్ టచ్ లాంటి తేలే బటన్లు ఫోన్‌లోనే ఉన్నాయి, బాగున్నాయి కూడా. అవి అవసరమైనవాళ్లకు ఆ పేరు తెలిసే మార్గమే లేదు.

6. పని ఫోన్లు. అంగన్‌వాడీ టీచర్లు పిల్లల బరువు, ఎత్తు పోషణ్ ట్రాకర్ ఆప్‌లో ఎక్కించాలి. ఆశాలకూ ఏఎన్ఎంలకూ వాళ్ల ఆప్‌లు వాళ్లకున్నాయి. ఉపాధి హామీ పనుల దగ్గర హాజరు 2023 జనవరి 1 నుంచి ఆప్‌లో ఫోటోతోనే పెట్టాలన్నారు. ఎండలో, చెమట చేత్తో, సిగ్నల్ వచ్చీరాని చోట పొరపాటున పేజీ వెనక్కి పోతే ఆ కూలీల హాజరు మళ్లీ మొదటికొస్తుంది. ఫోన్ ఇచ్చేటప్పుడు ఆప్ ఎలా వాడాలో శిక్షణ ఇస్తారు. ఫోన్‌లో వెనక్కి ఎలా రావాలో ఎవరూ చెప్పరు. అది అందరికీ తెలిసిందే అనుకుంటారు.

7. మా వృత్తి గురించి కూడా చెప్పాలి, దాచడమెందుకు. బటన్లు తిరిగి పెట్టడం అర నిమిషం పని. ఆ అర నిమిషానికి "సాఫ్ట్‌వేర్ కొట్టాలి" అని చెప్పి వందలు తీసుకునే షాపులు ఉన్నాయి. నిజంగానే రీసెట్ కొట్టేవాళ్లూ ఉన్నారు. రీసెట్ కొడితే బటన్లు వస్తాయన్న గ్యారంటీ లేదు గానీ పాస్‌బుక్ ఫోటోలు, పెళ్లి వీడియోలు, నంబర్లు మాత్రం పోతాయి. ఈ దోపిడీకి తలుపు తీసింది మాత్రం మీ సెట్టింగ్స్ అమరికే. శామ్‌సంగ్‌లో ఇది డిస్‌ప్లే కింద నావిగేషన్ బార్ అని ఉంటుంది. ఇంకో కంపెనీలో హోమ్ స్క్రీన్ కింద, మరోదాంట్లో సిస్టమ్ కింద, ఇంకోదాంట్లో అదనపు సెట్టింగ్స్ కింద. అదే కంపెనీ కొత్త వెర్షన్‌లో మళ్లీ చోటు మారుతుంది. రోజంతా ఫోన్లతోనే గడిపే మేమే వెతుక్కోవాల్సి వస్తుంటే మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది?

మా ఊరి పెద్దామె ఒకామె ఫోన్ సంగతి చెబుతాను. దుబాయ్‌లో ఉన్న కొడుకు పంపిన కొత్త ఫోన్. వీడియో కాల్ ఎత్తడం వచ్చు, మాట్లాడటం వచ్చు. మాట్లాడుతుండగా వేలు తగిలి కాల్ ఒక మూలకు చిన్న డబ్బాగా పోతుంది, తిరిగి పెద్దది చేయడం రాదు. కాల్ పెట్టేయడమూ రాదు. అందుకని ఫోన్‌ను అలాగే దిండు కింద పెట్టేసేది. అవతల కొడుకు "అమ్మా, అమ్మా" అని అరుస్తున్నాడు. నేను మూడు బటన్లు పెట్టి, ఒకటి ఇల్లు, ఒకటి వెనక్కి అని చూపించాను. పవర్ బటన్ నొక్కితే మామూలు కాల్ కట్ అయ్యే సెట్టింగ్ కూడా వేశాను. అది కూడా యాక్సెసిబిలిటీ లోపలే ఉంటుంది. "ఇంతేనా అబ్బాయ్, దీనికి మావాణ్ణి అన్ని తిట్లు తిట్టాను" అంది. ఆ తిట్లు పడాల్సింది కొడుక్కి కాదు కదా.

ఇవి సుకుమారుల ఫిర్యాదులని కొట్టిపారేయొద్దని మనవి. చట్టం ఏం చెబుతోందో కూడా గుర్తుచేస్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, రోజువారీ వాడకానికి ఉద్దేశించిన ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగే డిజైన్‌లో దొరికేలా ప్రభుత్వం చూడాలంటుంది. ఈ రోజుల్లో ఫోన్ కన్నా రోజువారీ వస్తువు ఇంకేముంది? ఐటీ ఉత్పత్తులు అందరికీ అందుబాటులో ఉండేందుకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 అనే ప్రమాణాన్ని 2021, 2022లలో రెండు భాగాలుగా తెచ్చింది. అందుబాటు నియమాలు సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరిగా పాటించాల్సినవి వేరుచేసి చెప్పాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న ఆదేశించింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు కేవైసీలో (గుర్తింపు నిర్ధారణలో) పడుతున్న కష్టాలపై 2025 ఏప్రిల్ 30న తీర్పిస్తూ డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది.

"ఫోన్ లోపల ఏముండాలో ప్రభుత్వం ఎలా చెబుతుంది" అని ఎవరైనా అంటారేమో. ఇప్పటికే చెప్పింది. ఆపదలో నొక్కే పానిక్ బటన్ ఉండాలని 2016లో రూల్స్ తెచ్చారు. ఫోన్లలో మన భాషలు చదవగలిగేలా ఉండాలని ప్రమాణం పెట్టారు. గూగుల్‌పై కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో 1,337.76 కోట్ల జరిమానా వేసినప్పుడు, ఫోన్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడే ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో వాడేవాళ్లను ఎంచుకోనివ్వాలని కూడా ఆదేశించింది. సెర్చ్ ఇంజిన్‌కు అడగాల్సిన ప్రశ్న అయితే, వెనక్కి ఎలా రావాలన్నది అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇక మా డిమాండ్లు.

ఫోన్ కంపెనీలకు: కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు, భాష ఎంచుకున్న వెంటనే, జీమెయిల్ అడగకముందే, బటన్లా స్వైపా అని ఆ భాషలోనే అడగండి. రెండు బొమ్మలు ఒకే సైజులో పక్కపక్కన పెట్టండి. ఒకటి పెద్దగా మెరుస్తూ, రెండోది "మరిన్ని ఎంపికలు" కింద ఉంటే అది అడగడం కాదు. ఒకసారి ఎంచుకున్నదాన్ని ఏ అప్‌డేట్ కూడా మార్చకూడదు. కొత్త పద్ధతి అంత బాగుంటే చెప్పండి, నచ్చితే మేమే మారతాం.

బటన్లు ఎంచుకున్నవాళ్లకు వాటి సైజు పెంచుకునే వీలు, మధ్య దూరం, ఎడమకుడి వరస, రంగు, నొక్కితే వచ్చే వైబ్రేషన్ అన్నీ ఫోన్‌లోనే ఇవ్వండి. ఇది అసాధ్యమేమీ కాదు. శామ్‌సంగ్ వాళ్ల గుడ్ లాక్ అనే ఆప్‌లో నవ్‌స్టార్ అనే మాడ్యూల్‌తో నావిగేషన్ బార్‌ను ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. అది విడిగా దింపుకోవాల్సిన సరదా వస్తువుగా కాకుండా, అన్ని కంపెనీల చవక ఫోన్లలోనూ మామూలు సెట్టింగ్‌గా ఉండాలి. ఎందుకంటే పది వేల లోపు ఫోన్ కొనేవాళ్లకే ఇది ఎక్కువ అవసరం. స్వైప్ వాడేవాళ్లకు ఒక అంచున బ్యాక్‌ను పూర్తిగా ఆపేసే వీలు కూడా ఇవ్వండి.

ఈ సెట్టింగ్ అన్ని కంపెనీల్లో ఒకే చోట ఉండేలా మాట్లాడుకోండి. కనీసం సెట్టింగ్స్ వెతుకులాటలో "బ్యాక్", "వెనక్కి", "బటన్లు" అని ఏది కొట్టినా అదే ముందు రావాలి. పైనుంచి కిందికి లాగితే వచ్చే టార్చ్, వైఫై గుర్తుల పక్కన దీనికీ ఒక గుర్తు పెట్టండి. సర్వీస్ సెంటర్లలో ఈ పనికి డబ్బు తీసుకోకూడదని బోర్డు పెట్టించండి.

ఆప్‌లు తయారుచేసేవాళ్లకు: సగం నింపిన ఫారం నుంచి మనిషి వెనక్కి పోతుంటే ఒక్కసారి అడగండి, నింపినంతవరకు దాచి ఉంచండి. చెల్లింపు పేజీలో "బ్యాక్ నొక్కవద్దు" అని మమ్మల్ని హెచ్చరించే బదులు, నొక్కినా డబ్బు సంగతి తేల్చి చెప్పేలా ఆప్ రాయండి. పక్కకు జరిపే బొమ్మలు, స్లైడర్లు సరిగ్గా అంచుకు ఆనించి పెట్టకండి. ఆప్ కోసం అంచులో కొంత భాగాన్ని బ్యాక్ స్వైప్ నుంచి మినహాయించుకునే వీలు ఆండ్రాయిడ్ 10 నుంచీ ఉంది, దానికి 200 డీపీల హద్దు కూడా ఉంది. వెనక్కి లాగుతుండగానే ఎక్కడికి పోతామో ముందుగా చూపించే ఏర్పాటు కొత్త ఆండ్రాయిడ్‌లలో వచ్చింది. ప్రభుత్వ ఆప్‌లు ముందుగా దాన్ని అమల్లో పెట్టాలి.

కేంద్ర ఐటీ శాఖకు, రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలకు: మూడు బటన్ల పద్ధతిని ఏ కంపెనీ తీసేయకుండా, మొదటి సెటప్‌లోనే అడిగేలా తప్పనిసరి నిబంధన తీసుకురండి. అది రాసేటప్పుడు చూపు లేనివాళ్ల సంఘాలను, వృద్ధులను, అంగన్‌వాడీ, ఆశా సంఘాలను కూర్చోబెట్టి వినండి. కమిటీలో ఇంజినీర్లే ఉంటే మళ్లీ మొదటికే వస్తాం. ప్రభుత్వ డబ్బుతో కొనే ఫోన్లకు టెండర్‌లోనే ఈ షరతు పెట్టొచ్చు, దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఫోన్లు పంచే రోజు ఒక్కొక్కరినీ అడిగి, కావలసినట్టు సెట్ చేసి ఇవ్వండి.

కంపెనీల నుంచి నాకు కావలసింది ధన్యవాదాల మెయిల్ కాదు. ఏ వెర్షన్‌లో, ఏ నెలకల్లా ఇది చేస్తారో, చేయకపోతే ఎందుకు చేయరో రాతపూర్వకంగా, అందరికీ కనపడేలా చెప్పండి. ఆ జవాబును తెలుగులో ప్రింటు తీసి మా షాపు ముందు అంటిస్తాను. ఈలోగా బటన్లు పోయాయని మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఎప్పటిలాగే డబ్బు తీసుకోకుండా పెట్టిస్తాను. మిగతా షాపుల మిత్రులు కూడా అలాగే చేయాలని ఈ లేఖ ద్వారానే కోరుతున్నాను.

ఇట్లు,
సెల్‌ఫోన్ రిపేర్ షాపు యజమాని,
పల్నాడు జిల్లా, ఆంధ్రప్రదేశ్

ప్రతులు: దివ్యాంగుల చీఫ్ కమిషనర్ కార్యాలయం, న్యూఢిల్లీ, భారతీయ ప్రమాణాల సంస్థ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఐటీ శాఖలు, మహిళా శిశు సంక్షేమ శాఖలు.